బుల్లెట్ క్రాంక్ బ్యాలెన్సింగ్: పుస్తకం చదివి నేర్చుకోవచ్చా, మెకానిక్ దగ్గరే నేర్చుకోవాలా?

పాతబండి_గుంటూరు
మా నాన్నగారి పాత బుల్లెట్ 350కి ఈమధ్య బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపల తొలిచి కాస్త పెద్దది చేయడం) చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్, కొత్త కనెక్టింగ్ రాడ్ వేయించాం. అప్పటినుంచీ స్పీడు 60 దాటితే చాలు, ఫుట్‌రెస్టుల మీద కాళ్లు జివ్వుమంటున్నాయి, అద్దంలో వెనక బండి కనబడట్లేదు. పని చేసినాయన "పిస్టన్ బరువు పెరిగింది, ఫ్లైవీల్‌కి డ్రిల్ పెట్టి బ్యాలెన్స్ చేయాలి" అంటున్నారు. నేను ట్యూనింగ్ పుస్తకాలు తెప్పించుకుని చదువుతున్నాను, లెక్కలు బాగానే అర్థమవుతున్నాయి. మా ఫ్రెండేమో పుస్తకం చదివి క్రాంక్ (రెండు ఫ్లైవీల్స్, వాటిని కలిపే పిన్, రెండు పక్కలా షాఫ్టులు ఉన్న భాగం) జోలికి వెళ్లకు, అది చేతిపని అంటున్నాడు. మీరేమంటారు?

లేత్‌షెడ్
మీ ఫ్రెండ్ మాట వినండి. బ్యాలెన్స్ ఫ్యాక్టర్, అంటే పైకీ కిందికీ కదిలే బరువులో ఎంత శాతానికి ఫ్లైవీల్‌లో ఎదురుబరువు ఉండాలన్నది, ఒక పుస్తకంలో 60 శాతం ఉంటుంది, ఇంకోదాంట్లో 70 ఉంటుంది. ఏది పెట్టాలన్నది ఫ్రేమును బట్టి, ఇంజిన్ ఎంత ఆర్‌పీఎంలో తిరుగుతుందో దాన్నిబట్టి మారుతుంది. అది బండి నడిపి చూసినవాడికే తెలుస్తుంది. ఫ్లైవీల్‌లోంచి ఒకసారి తీసిన ఇనుమును మళ్లీ పెట్టడం అంత తేలిక కాదు.

సింగిల్‌సిలిండర్
లేత్‌షెడ్ గారూ, ఫ్రేము గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఈ బండికి వచ్చిన జబ్బు బ్యాలెన్సింగ్‌ది కాదని నాకు గట్టి అనుమానం, ఆ అనుమానం రావాలన్నా ముందు లెక్క తెలియాలి.

పిస్టన్, రింగులు, పిస్టన్ పిన్, లాకులు, రాడ్ చిన్న కొస అన్నీ కలిపి మాటవరసకి 500 గ్రాములు అనుకుందాం. 60 శాతం అంటే అందులో 300 గ్రాములకు ఫ్లైవీల్‌లో ఎదురుబరువు ఉందన్నమాట. ఓవర్‌సైజ్ వల్ల 15 గ్రాములు పెరిగిందనుకున్నా 300ని 515తో భాగిస్తే 58 శాతం పైనే వస్తుంది. ఈ కాస్త తేడాకి అద్దం అంతలా అదరదు. అదే 70 మిల్లీమీటర్ల పిస్టన్ ఉన్నచోట 500 బుల్లెట్‌కి వచ్చే 84 మిల్లీమీటర్లది పెడితే (స్ట్రోక్ రెండింటికీ 90యే) అప్పుడు తప్పకుండా బ్యాలెన్స్ చూడాలి.

మరి ఇక్కడ ఏం జరిగి ఉంటుంది? రాడ్ మార్చాలంటే రెండు ఫ్లైవీల్స్ విడదీసి మళ్లీ బిగించాలి. బిగించాక రెండు వైపుల షాఫ్టులూ ఒకే లైన్లో లేకపోతే ఎంత బ్యాలెన్స్ చేసినా వైబ్రేషన్ పోదు, పైగా బేరింగులు పోతాయి. ఇలా షాఫ్టుల్ని ఒకే లైన్లోకి తెచ్చే ట్రూయింగ్ వేరు, బరువులు సరిచేసే బ్యాలెన్సింగ్ వేరు. పాతబండి గారూ, డ్రిల్ పెట్టనివ్వకండి. ముందు డయల్ గేజ్ (షాఫ్టు తిరిగేటప్పుడు ఎంత వంకర పోతుందో చూపే ముల్లు మీటర్) రీడింగ్ ఎంత వచ్చిందో అడగండి. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, హెడ్ స్టెడీ (ఇంజిన్ పైభాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీ) బిగువుగా ఉన్నాయో లేదో కూడా చూడండి.

ఇక సింగిల్ సిలిండర్లో పూర్తి బ్యాలెన్స్ అనేది క్రాంక్ ఒక్కదానితో కుదరదు. 100 శాతం ఎదురుబరువు పెడితే పైకీ కిందికీ అదురు దాదాపు పోతుంది, కానీ అంత బలమూ ముందుకీ వెనక్కీ లాగుతుంది. ఆ బలం తక్కువేం కాదు, 500 గ్రాములు 4500 ఆర్‌పీఎం దగ్గర సుమారు 5000 న్యూటన్లు, అంటే అర టన్ను. 3000 దగ్గర అందులో సగం కూడా ఉండదు. 60 స్పీడు దగ్గర మొదలైన అదురు 80కి వెళ్తే ఎందుకు బాగా పెరుగుతుందో ఇక్కడ తెలిసిపోతుంది.

మీటియర్_వరంగల్
ఇంత కష్టం ఎందుకు అన్నా, 2020లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ ఇంజిన్లో బ్యాలెన్సర్ షాఫ్ట్ (అదురుకు ఎదురుగా తిరిగే బరువున్న షాఫ్ట్) ఉంది, హైవే మీద హాయిగా వెళ్తుంది.

పాతబండి_గుంటూరు
నాన్నగారి బండి తమ్ముడూ, అమ్మే ప్రసక్తే లేదు.

లేత్‌షెడ్
సింగిల్‌సిలిండర్ గారూ, ట్రూయింగ్ ముందు చూడాలన్నది ఒప్పుకుంటా. కానీ తూకం కాగితం మీద ఉన్నంత సులువు కాదు. రాడ్‌ని అడ్డంగా పట్టి చిన్న కొసని త్రాసు మీద పెట్టినప్పుడు పెద్ద కొస కాస్త పైకో కిందికో ఉంటే రీడింగ్ మారిపోతుంది. ట్రూ చేసేటప్పుడు రాగి సుత్తితో ఎక్కడ కొట్టాలి, ఎంత బలంగా కొట్టాలి, అది ఏ పుస్తకం నేర్పిస్తుంది?

సింగిల్‌సిలిండర్
సుత్తి పని మీదే, అందులో వాదన లేదు. నేను అంటున్నది తూకం గురించి. క్రాంక్‌ని లెవెల్‌గా ఉన్న రెండు పట్టీల అంచుల మీద పెట్టి, రాడ్ కిందికి వేలాడుతుండగా చిన్న కొసకి బరువు కట్టాలి. మొత్తం 500లో చిన్న కొస బరువే 150 అయితే, 60 శాతానికి కట్టాల్సింది ఇంకో 150 మాత్రమే. ఎక్కడ తిప్పి వదిలినా అక్కడే నిలబడితే సరిపోయినట్టు. క్రాంక్ పిన్ (రాడ్ పెద్ద కొస ఉండే పిన్) వైపు కిందికి దిగితే ఫ్లైవీల్‌లో ఆ పిన్ వైపే ఇనుము తీయాలి, ఎదురువైపు దిగితే ఎదురువైపు. ఇది ఓపికున్న ఎవరైనా చేయగల పని. కనీసం డ్రిల్ పెట్టేముందు "ఇప్పుడు ఎంత శాతం ఉంది" అని అడిగే హక్కు బండి ఓనరుకి ఉంది, జవాబు చెప్పలేనివాళ్ల చేతికి ఫ్లైవీల్ ఇవ్వకూడదు. ఆ ప్రశ్న నాకు పుస్తకమే నేర్పింది.

లేత్‌షెడ్
ఆ ప్రశ్న అడగడం మంచిదే, మంచి మెకానిక్ కోప్పడడు. పాతబండి గారూ, డయల్ రీడింగ్ ఎడమ షాఫ్టుదీ కుడి షాఫ్టుదీ విడివిడిగా రాయించుకోండి. రెండూ ఒకేచోట ఎక్కువ చూపిస్తే ఫ్లైవీల్స్ మధ్య ఎడం ఒకపక్క తేడా ఉన్నట్టు, ఎదురెదురుగా చూపిస్తే ఒకటి మెలి తిరిగినట్టు. సరిచేసే పద్ధతి దాన్నిబట్టి మారుతుంది.