దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు ఏది ఏ బ్యాగులో పెట్టాలి?

కోరుట్ల చెల్లె:
మా ఆయన వచ్చే నెల దుబాయ్ నుంచి శంషాబాద్‌కు డైరెక్ట్ ఫ్లైట్‌లో వస్తున్నారు. పోయినసారి సెక్యూరిటీ దగ్గర పిల్లల కోసం కొన్న చాక్లెట్ క్రీమ్ డబ్బాలు, మా మామయ్యకు తెచ్చిన సెంటు సీసా తీసి పక్కన పడేశారట, ఎందుకని అడుగుదామంటే ఆయనకు ఇంగ్లీషు రాదు. ఎండలో కష్టపడ్డ పైసలతో కొన్నవి అట్లా పోతే ప్రాణం ఉసూరుమంటది. ఈసారి నాకు చిన్న బంగారు చైన్ కూడా తెస్తున్నారు, అదింకో టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి, ఫోన్‌లో ఆయనకు చదివి వినిపిస్తాను.

సిరిసిల్ల అన్న:
చెల్లే, అవి హ్యాండ్ బ్యాగులో పెట్టుకొని ఉంటారు. సెంటు, షాంపూ, జామ్, పచ్చడి, చాక్లెట్ క్రీమ్, టూత్‌పేస్టు అన్నీ వాళ్ల లెక్కలో లిక్విడ్లే. ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటొద్దు, వాళ్లు చూసేది సీసా సైజు, 200 సీసాలో అడుగున కొంచెమే మిగిలినా పంపరు. పెద్దవి గట్టిగా కవర్ చుట్టి లగేజీలో వేస్తే సరిపోతుంది. పవర్ బ్యాంకు దీనికి ఉల్టా, అది చేతి బ్యాగులోనే ఉండాలి. లిథియం బ్యాటరీ కింద లగేజీలో అంటుకుంటే చూసి ఆర్పేవాళ్లు ఉండరు కదా, అందుకే లగేజీలో కనబడితే బ్యాగు ఆపేస్తారు. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) లోపు అయితే ఇబ్బంది లేదు, మామూలు 20,000 ఎంఏహెచ్‌ది 74 దాకా వస్తుంది. కానీ దాని మీద అంకెలు చెరిగిపోతే తేవద్దని చెప్పు.

ఇంకోటి, మనోళ్లు దుప్పట్లను గుండ్రంగా మూట కట్టి తెస్తారు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో 2017 నుంచి ఒక పక్కైనా చదునుగా లేని లగేజీ తీసుకోవట్లేదు, బెల్టు మీద ఇరుక్కుంటుందని. సూట్‌కేసులోనో అట్టపెట్టెలోనో సర్దుకోమను.

హనుమకొండ వదిన:
చైన్ సంగతి సెక్యూరిటీది కాదమ్మా, ఇక్కడ దిగినాక కస్టమ్స్ వాళ్లది. ఏడాదికి మించి అక్కడ ఉండి వచ్చే మగవాళ్లు 20 గ్రాములు, ఆడవాళ్లు 40 గ్రాముల దాకా నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. నగలకే ఈ లెక్క, బిస్కెట్లకు, కాసులకు కాదు. ఆయన ఏడాది లోపే వస్తుంటే, లేదా బరువు ఎక్కువుంటే, రెడ్ చానల్‌లోకి, అంటే సుంకం కట్టాల్సినవి ఉన్నవాళ్లు పోయే దారిలోకి, పోయి తానే చెప్పాలి. బిల్లు జేబులోనే పెట్టుకోమను.

జగిత్యాల తమ్ముడు:
అక్కా, అందరికంటే ముందు బావకు ఈ మాట చెప్పు. క్యాంపులో రూమ్మేట్లు "మా ఇంట్లో ఇయ్యి" అని పార్సిల్ ఇస్తారు. దోస్తే అయినా సరే, విప్పి చూడందే తీసుకోవద్దు. బ్యాగులో ఏం దొరికినా జవాబు చెప్పాల్సింది బ్యాగు మోసినాయనే, ఇచ్చినోడు అక్కడ ఉండడు. కాదంటే దోస్తుకు కోపం వస్తుందేమో, రానీ.

కోరుట్ల చెల్లె:
అందరికీ చాలా థ్యాంక్స్. ఈసారి అత్తరు సీసాలు చిన్నవే, 50 మిల్లీలీటర్లవి అంటున్నారు. చేతిలో పట్టుకొని రావచ్చా అన్నా?

సిరిసిల్ల అన్న:
రావచ్చు. అన్నీ కలిపి ఒక లీటరు దాటకుండా, లోపలివి కనబడే జిప్ కవర్లో వేసి, బ్యాగులో పైనే పెట్టమను. అడగకముందే తీసి ట్రేలో పెడితే మాట్లాడే పనే ఉండదు.