వైపౌట్ పల్స్‌లో ఆయుధాలు ఉండాలా, వద్దా? ఆదివారం లోపు తేల్చాలి

ఎయిర్‌బ్రేక్_బాబు

ఆదివారాలు మా గ్యాంగ్ పాత పీఎస్పీలు (సోనీ చేతి గేమ్ మెషీన్లు) బయటికి తీసి, అడ్‌హాక్‌లో, అంటే పక్కపక్కనే కూర్చుని వైర్‌లెస్‌తో కలిపి, వైపౌట్ పల్స్ ఆడుతుంది. గాల్లో తేలే షిప్పుల రేసు అది, ట్రాక్ మీది ప్యాడ్ల మీదుగా పోతే ఆయుధాలు దొరుకుతాయి. ఈ మధ్య ఆట కంటే గొడవ ఎక్కువైంది. సగంమంది "కాల్చే స్క్వేర్ బటన్ ముట్టుకోవద్దు, బాగా నడిపినోడు గెలవాలి" అంటారు. మిగతా సగం "కాల్చుకోకపోతే అది వైపౌట్ ఎలా అవుతుంది" అంటారు.

నేను మొదటి బ్యాచ్. అన్నిటికంటే వేగమైన ఫాంటమ్ క్లాసులో గోడకు తగలకుండా రేసంతా లాగడం మాటలు కాదు. ఏ మలుపులో ఏ వైపు ఎయిర్‌బ్రేక్ (షిప్‌ని ఆ పక్కకు తిప్పే బ్రేక్) ఎంతసేపు పట్టాలో వేళ్లకు పట్టుబడాలి. అంత చేసి ఆఖరి ల్యాప్‌లో ముందుంటే, వెనకాల ఒకడు అప్పుడే ప్యాడ్ మీద దొరికిన మిస్సైల్ వదులుతాడు. వాడు చేసిన ఘనకార్యం ఏంటి? ప్యాడ్ మీదుగా పోవడం! నింటెండో చేతి మెషీన్ జీబీఏలో 2001లో వచ్చిన రేసు గేమ్ ఎఫ్-జీరో మాక్సిమమ్ వెలాసిటీలో ఒక్క ఆయుధం లేదు. టెన్షన్ ఏమన్నా తగ్గిందా?

పాత_యూఎండీ

తమ్ముడూ, ఎఫ్-జీరోలో ఎనర్జీ తగ్గితే నింపుకోడానికి ట్రాక్ మీదే చోటు ఉంటుంది. వైపౌట్‌లో కూడా ఒకప్పుడు ఉండేది. పాత వైపౌట్ 2097లో, ఆ తర్వాత పీఎస్2 వైపౌట్ ఫ్యూజన్‌లో పిట్ లేన్ ఉండేది, అందులోంచి పోతే షీల్డ్ (షిప్ ప్రాణం అనుకో) నిండేది. 2005లో పీఎస్పీతో పాటే వచ్చిన వైపౌట్ ప్యూర్‌లో, గేమ్ తయారుచేసే స్టూడియో లివర్‌పూల్ వాళ్లు దాన్ని పీకేశారు. బదులుగా ఏం పెట్టారు? దొరికిన ఆయుధాన్ని కాల్చకుండా మింగేస్తే షీల్డ్ పెరుగుతుంది. అంటే మీరు తీసేద్దాం అంటున్న ప్యాడ్లే ఇప్పుడు పెట్రోల్ బంకులు. వాటిని తీసేస్తే రెండు గోడలు గట్టిగా తగిలినోడు మూడో ల్యాప్ చూడడు.

ఎయిర్‌బ్రేక్_బాబు

ప్యాడ్లు తీసేద్దాం అనలేదు అన్నా. మింగుకోండి. కాల్చొద్దు, అంతే. మింగే సర్కిల్ బటన్ ఓకే, కాల్చే స్క్వేర్ బంద్.

క్వేక్_కింగ్

హహ, ఈ రూల్ మా హాస్టల్లో పెట్టాం భయ్యా. ఏమైందో చెప్తా.

పల్స్‌లో బ్యారెల్ రోల్ ఉంది కదా. ట్రాక్ ఎగుడు మీద గాల్లోకి లేచినప్పుడు ఎడమ-కుడి-ఎడమ గబగబా కొడితే షిప్ గిర్రున తిరుగుతుంది, దిగగానే టర్బో తగులుతుంది. దానికి షీల్డ్ ఖర్చవుతుంది. కాల్చేవాళ్లు ఉన్నప్పుడు రోల్ కొట్టే ముందు ఆలోచిస్తాం. ఇప్పుడు ఖర్చు పెట్టేసుకుంటే వెనకున్నోడి ప్లాస్మా తగిలితే బతుకుతానా అని. కాల్చడం బంద్ అయ్యాక ఆ భయం పోయింది. మింగడం, రోల్ కొట్టడం, మళ్లీ మింగడం. లేచిన ప్రతి చోటా అందరూ రోల్ కొడుతున్నారు. ముందున్నోడు ముందే, వెనకున్నోడు వెనకే. రెండో ల్యాప్‌కే ఎవడు గెలుస్తాడో తెలిసిపోయేది. వారం తిరక్కుండానే రూల్ ఎత్తేశాం.

నా లెక్కలో ఆయుధం వల్ల అసలు లాభం ఎవరినో పేల్చడం కాదు, షీల్డ్‌కి విలువ రావడం. అది దాచుకోవాల్సిన సొమ్ము అయింది కాబట్టే రోల్ కొట్టడానికి దమ్ము కావాలి.

జోన్_పిచ్చి

మీరంతా అడ్‌హాక్ గురించే మాట్లాడుతున్నారు. పీఎస్పీ ఎక్కువగా ఒంటరిగా ఆడే వస్తువండీ. నేను ఆఫీసు బస్సులో ఆడేదాన్ని. నాలుగున్నర అంగుళాలు కూడా లేని స్క్రీన్‌లో, బస్సు కుదుపుల మధ్య, ముందెవరో వదిలిన మైన్లు కనపడేసరికి వాటి మీద ఉంటాం. నాకు జోన్ మోడ్ చాలు. ఆయుధాల్లేవు, వేరే షిప్పులూ లేవు. యాక్సిలరేటర్ మన చేతిలో ఉండదు, వేగం దానంతటదే పెరుగుతూ పోతుంది. షీల్డ్ అయిపోయేదాకా నడపడమే. ఆ ట్రాక్ రంగులు మారడం చూస్తుంటే స్టాప్ దాటిపోయిన రోజులున్నాయి.

కాబట్టి ఆయుధాల్లేకుండా టెన్షన్ ఉండదనేది ఒప్పుకోను.

పాత_యూఎండీ

జోన్‌లో మీ పోటీ మీతోనే కదమ్మా. బాబు అడిగింది పక్కన మనుషులు కూర్చున్నప్పటి సంగతి.

వీటా_వాలా

పీఎస్పీ తర్వాతి మెషీన్ వీటాకి 2012లో వచ్చిన వైపౌట్ 2048 ఊసు ఎవరూ తేలేదేంటి? బాబు ఏడుపు అందులో కొంత తీర్చారు. దాడి చేసే ఆయుధాలకు ఒక రకం ప్యాడ్లు, రక్షణకు ఇంకో రకం ప్యాడ్లు విడిగా పెట్టారు. ముందున్నోడు రక్షణ ప్యాడ్ వైపు, వెనకున్నోడు దాడి ప్యాడ్ వైపు. ఏది ఎక్కాలో లైన్ చూసుకుని నడపాలి, అంటే ప్యాడ్ ఎక్కడం కూడా డ్రైవింగే. కొట్లాట కోసమే ఫైటర్ షిప్పులు, స్పీడ్ కోసం వేరే షిప్పులు. కాకపోతే నాకు 2048 మరీ గోలగా అనిపిస్తుంది. స్క్రీన్ అంత బాగుండి, మొదట్లో లోడింగ్ కోసం టీ పెట్టుకొచ్చేంత టైమ్ పట్టేది. ఆ ఏడాది ఆగస్టులోనే స్టూడియో మూసేశారు, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసొప్పదు.

ఎయిర్‌బ్రేక్_బాబు

క్వేక్ అన్నా, షీల్డ్ విలువ పాయింట్ బాగుంది, కాదనను. కానీ ఆ విలువ కట్టేది లాటరీ. నాకు ప్యాడ్ మీద షిప్‌ని కాసేపు దానంతటదే నడిపే ఆటోపైలట్, నీకు క్వేక్. ట్రాక్ అంతా అలలా లేచి ముందున్నోళ్లందర్నీ ఎగరేస్తుంది. ఇందులో స్కిల్ ఎక్కడ?

క్వేక్_కింగ్

క్వేక్ దొరికినోడికే అసలు కష్టం బ్రో. మింగితే చిన్న ఆయుధం కంటే ఎక్కువ షీల్డ్ వస్తుంది. నాకు షీల్డ్ అడుగంటినప్పుడు ముందు నువ్వున్నావు, చేతిలో క్వేక్ ఉంది. నిన్ను ఎగరేయాలా, నేను బతకాలా? ఆ అర సెకనులో, అదీ మలుపు మధ్యలో తేల్చుకోవాలి. నీకు మిస్సైల్ వస్తే గేమ్ గొంతు ముందే చెప్తుంది కూడా. కాసేపు దెబ్బ తగలనివ్వని షీల్డ్ ఆయుధం దాచుకున్నావనుకో, నవ్వుకుంటూ పోతావు. నువ్వు దొరికింది దొరికినట్టు మింగేసి రోల్స్ కొట్టి ఖాళీగా తిరుగుతావు, అందుకే పేలిపోతావు.

ఎయిర్‌బ్రేక్_బాబు

నా రేసులు చూసినట్టే చెప్తున్నావ్ 😂

సరే. ఆదివారం రెండు టోర్నమెంట్లు పెడతాం. పొద్దున స్క్వేర్ బంద్, మధ్యాహ్నం ఫుల్ కాల్పులు. అవే ట్రాకులు, అదే క్లాసు. రెండింట్లో ఒకడే గెలిస్తే లాటరీ అనే మాట మానేస్తా. వేరేవేరే వాళ్లు గెలిస్తే మీరు కాల్చడం మానేయాలి.

పాత_యూఎండీ

నలుగురితో ఒక్క రోజు ఆడి లాటరీ అవునో కాదో తేలుతుందా? కనీసం మూడు ఆదివారాలు ఆడండి. షిప్పులు కూడా మార్చుకోకండి, లేకపోతే ఆ వంక ఒకటి దొరుకుతుంది.

జోన్_పిచ్చి

పొద్దుటి రేసులో లీచ్ బీమ్ కూడా బందేనా? అది పేల్చదు, ఎదుటివాళ్ల షీల్డ్ లాక్కుంటుంది అంతే.

ఎయిర్‌బ్రేక్_బాబు

బందే. దొంగతనం కూడా నేరమే 😤