ఒకే విభాగానికి కట్టుబడని ఎల్ఎల్ఎం: కోర్టు పని చేసుకుంటూ చదవవచ్చా?

బొబ్బిలి న్యాయవాది:
అందరికీ నమస్కారం. నేను బొబ్బిలి కోర్టులో మా సీనియర్ గారి దగ్గర ప్రాక్టీసు చేస్తున్నాను. పార్వతీపురం వైపు నుంచి మాకు వచ్చే భూమి ఫైళ్లలో తెల్లకాగితం మీద రాసుకున్న క్రయ ఒప్పందం ఒకటి, దానిపై వారసుల తగాదా మరొకటి, ఆ భూమి ఏజెన్సీలో (గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతంలో) ఉందని తేలితే, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1/70 చట్టం ఇంకొకటి, ఇలా అన్నీ ఒకే దావాలో కలిసి ఉంటాయి. అందువల్ల ఒక్క క్రిమినల్ లానో, ఒక్క కార్పొరేట్ లానో కాకుండా, వేర్వేరు శాఖల నుంచి పేపర్లు ఎంచుకునే సాధారణ ఎల్ఎల్ఎం (న్యాయశాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీ) చదవాలని నా కోరిక. రోజూ విశాఖపట్నం వెళ్లిరావడం కుదరదు. ఇంటి నుంచే చదివే డిగ్రీకి విలువ ఉంటుందా? స్పెషలైజేషన్ లేకపోతే తక్కువగా చూస్తారా? పెద్దలు సలహా ఇవ్వగలరు.

న్యాయశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం:
అమ్మా, ముందుగా గుర్తింపు సంగతి చెబుతాను, ఎందుకంటే దాన్ని చూసుకోకుండా ఫీజు కట్టినవారి బాధ నాకు తెలుసు. బార్ కౌన్సిల్ అనుమతి లేకుండా ఆన్‌లైన్, దూరవిద్య, హైబ్రిడ్ పద్ధతుల్లో నడిపే ఎల్ఎల్ఎం కోర్సులను గుర్తించబోమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025లో స్పష్టం చేసింది. పేరులో ‘ఎగ్జిక్యూటివ్’ అనో ‘ప్రొఫెషనల్’ అనో చేర్చినంత మాత్రాన ఆ అనుమతి అవసరం తప్పదు. రేపు మీరు లా కాలేజీలో పాఠం చెప్పాలన్నా, పీహెచ్‌డీలో చేరాలన్నా ఇది అడ్డుపడుతుంది.

కాబట్టి అధ్యాపక వృత్తి మీ ఆలోచనలో ఏ మూలనైనా ఉంటే రెగ్యులర్ కోర్సే మేలు. మన రాష్ట్రంలో రెండేళ్ల కోర్సుకు పీజీలాసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాయాలి. అందులోని 120 ప్రశ్నల్లో 40 జూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ సిద్ధాంతం), రాజ్యాంగం నుంచే వస్తాయి. మిగిలినవి అంతర్జాతీయ చట్టం, వాణిజ్య చట్టం, కార్మిక చట్టాలు, నేరాలు, టార్ట్స్ (నష్టపరిహారం కోరదగ్గ పౌర తప్పిదాలు) వంటివాటిపై ఉంటాయి. ఏడాది కోర్సు కావాలంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ పీజీ రాసి సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ప్రయత్నించవచ్చు. జడ్జి పరీక్షే మీ లక్ష్యమైతే మాత్రం దానికి ఎల్ఎల్ఎం అక్కర్లేదు. కింది స్థాయి న్యాయాధికారి పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పు ఇచ్చింది గనుక ఇప్పుడు మీ కోర్టు అనుభవమే మీకు పెట్టుబడి.

విజయనగరం అడ్వకేట్:
గురువుగారు చెప్పినది పూర్తిగా నిజం. అయితే కేవలం జ్ఞానం కోసం, వృత్తిలో పదును కోసం చదివేవారికి విదేశీ మార్గం కూడా ఉంది. లండన్ విశ్వవిద్యాలయం ఎల్ఎల్ఎంను దూరవిద్యలో అందిస్తోంది, దాన్ని ఐదేళ్ల వరకు సాగదీసుకోవచ్చు. బ్రిటన్ పద్ధతిలో మాస్టర్స్ డిగ్రీకి 180 క్రెడిట్లు ఉంటాయి. సాధారణంగా 60 పూర్తయితే సర్టిఫికెట్, 120 పూర్తయితే డిప్లొమా స్థాయి అవుతుంది. చంటిపిల్లలున్నవారికి, సీనియర్ దగ్గర పని వదలలేనివారికి ఇలా మెట్లుమెట్లుగా చదవడం ఊరటే. ఇక్కడ ఉద్యోగానికి చూపించే పట్టాగా మాత్రం దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఇక స్పెషలైజేషన్ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. సాధారణ ఎల్ఎల్ఎం అంటే సులువుగా పాసయ్యే పేపర్లన్నీ ఏరుకోవడం కాదు. డిసర్టేషన్ (కోర్సులో భాగంగా రాసే పరిశోధనా వ్యాసం) అంశాన్ని ముందే మనసులో పెట్టుకుని, దానికి కావలసిన పేపర్లను వేర్వేరు శాఖల నుంచి తెచ్చుకోవాలి. మన వంశధార నదినే తీసుకోండి. ఒడిశాతో నీటి తగాదా మీద 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి, 2017లో తీర్పు ఇచ్చి, నేరడి బ్యారేజీకి దారి చూపింది. దాని మీద రాయాలంటే రాజ్యాంగంలోని 262వ అధికరణం, 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జలవివాదాల చట్టం తెలియాలి. నదీజలాల సమన్యాయ పంపిణీపై 1966 నాటి హెల్సింకీ నియమాలు, ముంపు గ్రామాల పునరావాసం కోసం 2013 భూసేకరణ చట్టం కూడా కావాలి. ఏ ఒక్క విభాగమూ ఇవన్నీ నేర్పదు. మీ 1/70 ఫైళ్లూ అలాంటివే. సమతా కేసులో 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదివితే గిరిజన భూమి, గనుల లీజు, షెడ్యూల్డ్ ప్రాంతాల పాలనకు సంబంధించిన రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో మీకే అర్థమవుతుంది.

టెక్కలి నుంచి ఒక విద్యార్థి:
మేడం, నేను ప్రస్తుతం రెగ్యులర్ ఎల్ఎల్ఎం చదువుతున్నాను. నా అనుభవంలో అన్నిటికంటే కష్టమైనది పరిశోధనా పద్ధతుల పేపరు. కోర్టులో పిటిషన్ రాసే అలవాటున్నవారు ముందే ఒక పక్షం తీసుకుని రాస్తారు, డిసర్టేషన్‌లో మాత్రం ఎదుటి వాదానికి కూడా అంతే బలం ఇచ్చి పరిశీలించాలి. చేరక ముందే ఒక తీర్పు తీసుకుని, మెజారిటీ అభిప్రాయాన్ని, భిన్నాభిప్రాయాన్ని మీ మాటల్లో చెరొక పేజీ రాసి చూడండి.

బొబ్బిలి న్యాయవాది:
ముగ్గురికీ ధన్యవాదాలు. బోధన వైపు వెళ్లాలనే ఆశ నాకు నిజంగానే ఉంది, కాబట్టి పీజీలాసెట్‌కే సిద్ధమవుతాను. సమతా తీర్పులో భిన్నాభిప్రాయం కూడా ఉంది గనుక ఆ సాధన దానితోనే మొదలుపెడతాను. గురువుగారూ, జూరిస్‌ప్రుడెన్స్‌కు ఎల్ఎల్‌బీ నాటి నోట్సు సరిపోతుందా?

న్యాయశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం:
పరీక్షకు సరిపోతుందమ్మా. ఆస్టిన్, కెల్సన్, హార్ట్ అనే ముగ్గురు న్యాయ సిద్ధాంతకర్తలనూ పక్కపక్కన పెట్టి, ఒకరితో మరొకరు ఎక్కడ విభేదించారో చూస్తూ చదవండి.