వర్చువల్ మెషిన్ డిస్కు తెరవడానికి లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ అవసరమా, క్యూఎము-ఎన్‌బీడీ చాలదా?

సర్వర్‌గది:
మా దగ్గర ప్రతి రాత్రీ ఒకే మూస నుంచి తీసిన 40 క్యూకౌ2 ఇమేజ్‌లను (వర్చువల్ మెషిన్ డిస్కును ఒక ఫైలుగా ఉంచే రూపం) తెరిచి, ఒక్కొక్కదానిలో హోస్ట్‌నేమ్ ఫైలునూ ఎస్‌ఎస్‌హెచ్ తాళాలనూ మార్చాలి. ఇలాంటి ఇమేజ్‌ల లోపలి ఫైళ్లను మార్చే లైబ్రరీ లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్‌తో చేస్తే ఇమేజ్‌కు ఏడెనిమిది సెకన్లు పడుతోంది; కెర్నల్‌లోకి ఎన్‌బీడీ మాడ్యూల్ ఎక్కించి, ఇమేజ్‌ను మామూలు డిస్కులా చూపించే క్యూఎము-ఎన్‌బీడీతో తగిలించి, నేరుగా మౌంట్ చేస్తే ఒక్క సెకను కూడా పట్టడం లేదు. రెండు చిన్న ఫైళ్లు మార్చడానికి లోపల మరో లైనక్స్‌ను బూట్ చేయడం, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదా?

కావలికాడు:
ఆ బూట్ కావడంలోనే దాని ప్రయోజనమంతా ఉందండి. 2009లో రెడ్ హ్యాట్‌లో రిచర్డ్ జోన్స్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీ, మీ హోస్ట్ (ఇమేజ్‌లను తెరిచే అసలు యంత్రం) కెర్నల్‌నే తీసుకుని సూపర్‌మిన్ అనే పనిముట్టు సాయంతో ఒక చిన్న అప్లయన్స్‌ను (తాత్కాలిక వర్చువల్ మెషిన్‌ను) కట్టి, అందులోని డీమన్ (తెర వెనుక నడిచే ప్రోగ్రామ్) చేత మీ డిస్కును మౌంట్ చేయిస్తుంది. ఇమేజ్‌లోని ఫైల్‌సిస్టమ్‌ను ఎవరైనా కావాలని వంకరగా రాసి ఉంటే, కుప్పకూలేది ఆ చిన్న మెషినే తప్ప మీ హోస్ట్ కాదు. క్యూఎము-ఎన్‌బీడీ మార్గంలో అదే వంకర డేటాను రూట్ (సర్వాధికార) హక్కులతో మీ అసలు కెర్నలే చదువుతుంది. అలాగని ఈ లైబ్రరీ ఏ తప్పూ ఎరుగదని అనను: ఫార్మాట్ చెప్పకుండా రా ఇమేజ్‌ను (ఏ హెడరూ లేని డిస్కు నకలును) చేర్చినప్పుడు, అతిథి మెషిన్‌లో రూట్‌గా ఉన్నవాడు ముందుభాగంలో దొంగ క్యూకౌ2 హెడర్ రాసి హోస్ట్ ఫైళ్లను చదవగలిగే లోపం 2010లో బయటపడింది. అందుకే ఇప్పటికీ ఫార్మాట్‌ను స్పష్టంగా రాయమంటాను.

సర్వర్‌గది:
మా ఇమేజ్‌లన్నీ మేము కట్టుకున్నవే, బయటివాళ్లవి కావు. మా ఇంటి తలుపుకు మేమే భయపడాలా?

పాతకాపు:
దొంగల సంగతి పక్కన పెట్టండి, మీకు మీరే చేసుకోగల నష్టం గురించి చెబుతాను. నేను ఇదివరకు పనిచేసిన ఒక సంస్థలో, ఆగకుండా నడుస్తున్న మెషిన్ డిస్కును "చదవడానికే కదా" అనుకుని హోస్ట్‌లో రీడ్-ఓన్లీగా మౌంట్ చేశాను. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌కు రీడ్-ఓన్లీ అని చెప్పినా, నోలోడ్ అని విడిగా అడగకపోతే, పూర్తికాని జర్నల్‌ను (ఇంకా రాయాల్సిన మార్పుల చిట్టాను) ముందుగా డిస్కు మీదికి రాసేస్తుంది. అటు మెషిన్, ఇటు నేను, ఇద్దరమూ ఒకే డిస్కు మీద రాశాము. ఆ రాత్రంతా బ్యాకప్ ఎక్కించడంతోనే సరిపోయింది. లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్‌లో రీడ్-ఓన్లీ అంటే డిస్కు మీద ఒక తాత్కాలిక పొర పరిచి, ఏ రాత వచ్చినా దాని మీద వేసి, చివరికి పారేస్తుంది. (నడుస్తున్న డిస్కులో రాయడానికి తెరిస్తే మాత్రం ఇదీ కాపాడలేదు.) ఇంకొకటి: మీ హోస్ట్‌ను కూడా అదే మూస నుంచి కట్టి ఉంటే, తగిలించిన మరుక్షణమే రెండు ఎల్‌వీఎం (డిస్కులను గుంపుగా కలిపి పంచే లైనక్స్ ఏర్పాటు) గుంపులు ఒకే పేరుతో, ఒకే గుర్తింపు సంఖ్యతో హోస్ట్ కంటబడతాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే, గుర్తింపు సంఖ్యను పట్టించుకోవద్దని చెప్పే నోయూయూఐడీ అనందే మౌంట్‌కే ఒప్పుకోదు.

మేఘమాల:
పెద్దలు చెప్పినవన్నీ నిజమే, కానీ అవి కేవీఎం (వర్చువల్ మెషిన్‌ను నేరుగా ప్రాసెసర్ మీద నడిపే కెర్నల్ సదుపాయం) ఉన్న యంత్రం మీది మాటలు. నేను అద్దెకు తీసుకున్న క్లౌడ్ మెషిన్‌లో కేవీఎం అందదు కనుక వర్చువల్ మెషిన్‌ను నడిపే క్యూఎము ప్రతి ఆదేశాన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే అనువదించుకోవాలి. అప్లయన్స్ లేచేసరికి టీ తాగి రావచ్చు. పైగా ఉబుంటులో బూట్ డైరెక్టరీలోని కెర్నల్ ఫైలును రూట్ తప్ప ఇతరులు చదవలేరు కాబట్టి, రూట్ అక్కర్లేకపోవడమే గొప్ప అని చెప్పుకునే లైబ్రరీకి ముందు సుడో (రూట్ హక్కులు ఇచ్చే కమాండు) వాడి ఆ అనుమతిని సడలించవలసి వస్తోంది.

కావలికాడు:
ఉబుంటు విషయంలో మీ ఫిర్యాదు న్యాయమైనదే. ఆ ఇబ్బంది లైబ్రరీ తెచ్చింది కాకపోయినా అనుభవించేది మనమే. కేవీఎం లేనిచోట నేను కూడా దీన్ని సిఫార్సు చేయను. సర్వర్‌గది గారూ, మీ స్క్రిప్టు ఒక్కో ఫైలుకూ ఒక్కో కమాండు పిలుస్తోందా? అలాగైతే ఒకే ఇమేజ్‌కు అప్లయన్స్ రెండుసార్లు లేస్తోందన్నమాట.

సర్వర్‌గది:
అవునండీ, హోస్ట్‌నేమ్‌కు ఒకటి, తాళాలకు ఒకటి. రెండింటినీ ఒకే గెస్ట్‌ఫిష్ (లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ కమాండు) స్క్రిప్టులో పెట్టి చూశాను: ఇమేజ్‌కు నాలుగు సెకన్లకు దిగింది. మరి 40 డిస్కులనూ ఒకే హ్యాండిల్‌కు (అంటే ఒకే అప్లయన్స్‌కు) చేర్చి, ఒక్కసారే లేపితే?

పాతకాపు:
చేర్చకండి. ఒకే మూస బిడ్డలు కాబట్టి, హోస్ట్‌లో వచ్చే ఆ ఎల్‌వీఎం గొడవే అప్లయన్స్ లోపల మళ్లీ మొదలవుతుంది.

కావలికాడు:
పైగా ఒక డిస్కు చెడిపోయి అప్లయన్స్ కూలితే, దానితోపాటు ఉన్న మిగతా వాటి పనీ సగంలో ఆగిపోతుంది. ఇమేజ్‌కు ఒక హ్యాండిల్ చొప్పున, మీ ర్యామ్ ఎన్నింటిని మోయగలదో అన్నింటిని ఒకేసారి నడపండి.

సర్వర్‌గది:
ఈ రాత్రి నాలుగేసి చొప్పున నడుపుతాను. ఎన్‌బీడీ స్క్రిప్టును మాత్రం ఇప్పుడే తుడిచివేయను.