ఎస్ఎంఈ ఇండెక్స్ వంద నుంచి లక్ష దాటిందంట, మరి నా డబ్బులేవి?

లాట్_బాధితుడు:
ఐపీఓకి (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) వచ్చిన చిన్న కంపెనీల షేర్ల రేట్లు కొలిచే బీఎస్ఈ ఎస్ఎంఈ ఐపీఓ ఇండెక్స్ 2012లో 100 దగ్గర మొదలై 2024లో లక్ష దాటింది. మా ఆఫీసులో ఒకాయన రోజూ ఇదే పాట పాడి నాచేత ఓ చిన్న కంపెనీ షేర్లు కొనిపించాడు, అదీ లిస్టింగ్ రోజున, అంటే మార్కెట్లో ఆ షేర్ల అమ్మకాలు మొదలైన రోజున. ఇప్పుడు సగానికి సగం. పోనీ అవసరానికి ఓ పాతిక వేలవి అమ్ముకుందామంటే కుదరదు, లాట్ (ఒక్క కట్టగా అమ్మే షేర్లు) మొత్తం అమ్మాలి, కొనేవాడు ఉంటేగా. అసలు ఇలాంటి కంపెనీల్ని మార్కెట్లోకి ఎందుకు రానిస్తున్నారు?

లెక్కల_మాస్టారు:
ఆ ఇండెక్స్‌లో కంపెనీ మూడేళ్లే ఉంటుందండీ, తర్వాత తీసేస్తారు. ఆ తర్వాత మునిగినవాళ్ల లెక్క అందులో రాదు.

బాలానగర్_లేత్:
అన్నీ దొంగ కంపెనీలే అన్నట్టు మాట్లాడకండి. మాది 38 మంది పనిచేసే షాపు. బ్యాంకుకెళ్తే ఇల్లు తాకట్టు పెట్టమంటారు. సరుకిచ్చిన 45 రోజుల్లోపు బిల్లు కట్టాలని చట్టం ఉంది, మాకు నాలుగు నెలలైనా రాదు. కొత్త మెషిన్ కొనాలంటే ఎవర్నడగాలి? పైగా 2025లో రూల్స్ బిగించారు, గత మూడేళ్లలో రెండేళ్లయినా కోటి ఆపరేటింగ్ లాభం ఉండాలి, పాత వాటాదారులు అమ్ముకునేది ఇష్యూలో (ఐపీఓలో అమ్మే మొత్తం షేర్లలో) 20 శాతం దాటకూడదు. ఇంకేం కావాలి?

లాట్_బాధితుడు:
2024లో ఢిల్లీలో రెండు యమహా షోరూములున్న కంపెనీ 12 కోట్లడిగితే 4,800 కోట్లకి బిడ్లొచ్చాయి. కంపెనీది తప్పనట్లేదు, కానీ అది మార్కెట్టా తిరణాలా?

కొత్త_డీమ్యాట్:
అన్నా రేపు ఒకటి ఓపెనింగ్, జీఎంపీ (లిస్టింగ్‌కి ముందే బయట పలికే అదనపు రేటు) 40 ఉంది, వెయ్యొచ్చా

లెక్కల_మాస్టారు:
నేనన్న ఇండెక్స్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మెయిన్ బోర్డుకి, అంటే పెద్ద కంపెనీల మార్కెట్‌కి, వెళ్లినవి కూడా అందులోంచి తీసేస్తారు. లక్ష అన్న నంబరుకి అర్థం ఏంటో ముందు తేల్చండి.

బాలానగర్_లేత్:
మాస్టారూ మీ ఇండెక్స్ గోల కాసేపు ఆపండి. ఇందాక కొనేవాడు లేడన్నారుగా, మార్కెట్ మేకర్ (ఎప్పుడూ కొనే రేటు, అమ్మే రేటు చెప్పాల్సిన బ్రోకరు) మూడేళ్లు ఉండి తీరాలి కదా?

లాట్_బాధితుడు:
ఉన్నాడు మహానుభావుడు. ఆయన చెప్పే రేటు చూశారా?

బాలానగర్_లేత్:
అందుకే 2025 జులై నుంచి ఐపీఓకి కనీసం రెండు లాట్లు, రెండు లక్షల పైనే పెట్టాలన్నారు. మంచి పని చేశారు. తట్టుకోలేనివాళ్లు రాకూడదు.

లాట్_బాధితుడు:
ఓహో, మా డబ్బు కావాలి, మేం వద్దు! నేను గోల్డ్ లోన్ తెచ్చి మరీ పెట్టా. గేటు ఎత్తు పెంచితే మాలాంటోళ్లు ఆగరు సార్, ఇంకాస్త అప్పు తెస్తారు అంతే.

బాలానగర్_లేత్:
గోల్డ్ లోన్ తెచ్చి లిస్టింగ్ రోజున కొన్నావా? అయితే నువ్వు కంపెనీకి పైసా ఇవ్వలేదు. ఐపీఓలో అలాట్‌మెంట్ (షేర్ల కేటాయింపు) వచ్చినోడు నీకు అమ్మి ఇంటికెళ్లాడు. నీ రూపాయితో ఏ మెషినూ రాలేదు, నన్నెందుకు తిడతావ్?

లాట్_బాధితుడు:
మరి వాడు ఎందుకు అప్లై చేశాడు? నీ లేత్ మెషిన్ మీద ప్రేమతోనా? లిస్టింగ్ రోజున నాలాంటోడు వచ్చి ఎక్కువ రేటుకి కొంటాడనే కదా! నేను రాకపోతే నీ ఇష్యూలో వాడూ ఉండడు. నీ మెషిన్ నిలబడింది నా నష్టం మీద.

లెక్కల_మాస్టారు:
లిస్టింగ్ రోజు ఓపెనింగ్ రేటు ఐపీఓ రేటు మీద 90 శాతానికి మించి పెరగకుండా 2024 జులైలోనే ఎన్ఎస్ఈ కట్టడి పెట్టింది.

లాట్_బాధితుడు:
90 శాతం కట్టడేంటి మాస్టారూ, అది పండగ.

బాలానగర్_లేత్:
సరే, ఒకటి చెప్తా. పోయినేడు మేమూ ఐపీఓకి వెళ్దామని ఒక మర్చంట్ బ్యాంకర్ని (ఐపీఓ పనులు నడిపించేవాణ్ని) కలిశాం. గంటన్నర కూర్చున్నాడు. ఏం తయారు చేస్తారు, ఆర్డర్లెన్ని, ఒక్క ముక్క అడగలేదు. లిస్టింగ్ ఎంతలో ఓపెన్ అవ్వాలనుకుంటున్నారు అన్నాడు. మా ఆవిడ ఫైల్ మూసేసింది. ఇప్పటికీ మెషిన్ కొనలేదు.

లాట్_బాధితుడు:
ఈ ముక్క ఇందాకే చెప్పొచ్చుగా అన్నా.