టువాలు దీవుల్లో జనం దేని మీద బతుకుతారు?

ప్రశ్న: పసిఫిక్‌లో టువాలు అని చిన్న దేశం ఉంది కదా, తొమ్మిది దీవులు, నది లేదు కొండ లేదు, నేలంతా పగడపు ఇసుకే. మరి ముందు నుంచీ ఏం తిని బతికారు, ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

రిప్లై 1: అసలు ఆధారం పులాకా అండి, మన చేమ లాంటి దుంపే కానీ మొక్క మనిషంత ఎత్తు పెరుగుద్ది. కింద మంచినీటి పొర తగిలేదాకా పెద్ద గొయ్యి తవ్వి అందులో నాటి, మొదలు చుట్టూ ఆకుల ఎరువు వేస్తూ ఏళ్ళ తరబడి పెంచుతారు. ఇప్పుడు ఆ గోతుల్లోకి సముద్రపు ఉప్పునీరు ఊరుతోంది, దుంప కుళ్ళిపోతోంది, తల్చుకుంటేనే చాలా బాధేస్తుంది.

రిప్లై 2: కొబ్బరి మర్చిపోయారు. కల్లు తీసి తాజాగా తాగుతారు, కాచి పాకం కూడా చేస్తారు. ఎండు కొబ్బరి ఎగుమతి ఉండేది, ఇంకా చాలామంది నౌరు అనే ఇంకో పసిఫిక్ దీవి దేశంలోని ఫాస్ఫేట్ (ఎరువుల తయారీకి వాడే ఖనిజం) గనుల్లో, విదేశీ షిప్పుల్లో పనిచేసి ఇంటికి డబ్బు పంపేవాళ్ళు.

రిప్లై 3: ఇప్పుడు మెయిన్ ఆదాయం వాళ్ళ సముద్రంలో ట్యూనా పట్టే విదేశీ బోట్లు కట్టే లైసెన్స్ ఫీజు అండి. డాట్ టీవీ డొమైన్ (వెబ్‌సైట్ పేర్ల చివర వచ్చే .tv) కూడా వాళ్ళదే, దాని మీదా బాగానే వస్తుంది. 1987లో పెట్టిన ట్రస్ట్ ఫండ్‌ని (దేశం కోసం పెట్టుబడిగా దాచిన నిధి) ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నారో, నౌరు వాళ్ళు ఫాస్ఫేట్ డబ్బుని అలా నిలబెట్టుకోలేకపోయారు.