హైదరాబాద్‌కు మారుతున్నాం: ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలకు ఏ ప్రాంతం అనువుగా ఉంటుంది?

ప్రశ్న – సాగరతీరం

అందరికీ నమస్కారం. మా వారికి రాయదుర్గం దగ్గరి కార్యాలయానికి బదిలీ అయింది. ఈ వేసవి ముగిసేలోగా విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు మారుతున్నాం. మా పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడేళ్లు. ఇద్దరినీ మొదటినుంచీ బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివిస్తున్నాం. అద్దెకు నెలకు ముప్పై వేల వరకు పెట్టగలం.

ఇంటి గురించి ఎవరిని అడిగినా ముందు పిల్లలను ఏ స్కూల్లో చేరుస్తున్నారని అడిగి, ఆ స్కూలుకు దగ్గరలో చూసుకోమంటున్నారు. మాకు ఆ లెక్క కుదరదు. పాపకు పుస్తకాలంటే ప్రాణం, వీణ కూడా నేర్చుకుంటోంది. బాబు ఎప్పుడూ ఆరుబయటే ఉంటాడు, రాళ్లూ ఆకులూ ఏరి తెస్తుంటాడు. ఇక్కడ మా వీధివాళ్లందరికీ పిల్లలు తెలుసు కాబట్టి పట్టపగలు బయట కనిపించినా ఎవరూ ఆశ్చర్యపోరు. కొత్త ఊళ్లో ఆ చనువు ఏర్పడడానికి ఎలాంటి చోటు మేలు? ఆఫీసుకు దగ్గరి గేటెడ్ కమ్యూనిటీయా, ఊళ్లోని పాత కాలనీయా? పిల్లలు బడికి వెళ్లరన్న సంగతి ఇంటి ఓనరుకు ముందే చెప్పాలా?

సమాధానం – తార్నాక నివాసి

సాగరతీరం గారూ, స్కూలు లెక్క లేకపోవడం మీకు పెద్ద వెసులుబాటు. పిల్లలు ఉదయం ఎనిమిదికి వెళ్లి సాయంత్రం అయిదుకు వస్తారు కాబట్టి ఆ మధ్య ఇల్లు ఎలా ఉన్నా ఫరవాలేదన్న ధీమాతో చాలామంది ఇల్లు తీసుకుంటారు. మీ పిల్లలు ఆ వేళంతా ఆ ఇంట్లో, ఆ వీధిలోనే గడుపుతారు. అందుకని పగలు పదకొండు గంటలకు ఆ ప్రాంతం ఎలా ఉంటుందో, అక్కడినుంచి కారు అవసరం లేకుండా మీరు ముగ్గురూ ఎక్కడెక్కడికి వెళ్లి రాగలరో ముందు చూడండి.

నా సలహా అడిగితే, మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగలిగే పాత కాలనీలో తీసుకోండి, అందులోనూ తార్నాక, హబ్సిగూడ వైపు. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే మార్గం మీదే ఈ రెండు స్టేషన్లూ ఉన్నాయి కాబట్టి మీ వారు రైలు మారకుండా ముప్పావు గంటకు కాస్త అటూఇటూగా చేరుకోవచ్చు. మీ విషయానికి వస్తే, పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం దగ్గరే. అమీర్‌పేటలో మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్, అందులోని స్టేట్ మ్యూజియం, పిల్లలకు సంగీతం, నృత్యం, బొమ్మలు వేయడం నేర్పే జవహర్ బాలభవన్, ఇంకాస్త దూరంలో బిర్లా ప్లానిటోరియం ఉన్నాయి. మీ కుటుంబానికి ఈ మార్గమే బడి బస్సు అనుకోండి.

వారం మధ్యలో వెళ్లగలగడం ఎంత అదృష్టమో సాలార్‌జంగ్‌లో తెలుస్తుంది. అక్కడి పాత గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. ఆదివారం దాని ముందు నిలబడడానికి చోటుండదు. స్కూళ్ల విహారయాత్రలు లేని నెలల్లో ఏ మంగళవారమో వెళ్తే పిల్లలు ముందు వరుసలో కూర్చుని పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టుకోవచ్చు. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

పాపకు పుస్తకాల కోసం అందరూ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం పేరే చెబుతారు. అది మంచి గ్రంథాలయమే కానీ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువతీయువకులతో ఉదయమే నిండిపోతుంది. పదకొండేళ్ల పిల్ల నిదానంగా కూర్చుని కథలు చదువుకునే వాతావరణం అక్కడ ఉండదు. దానికన్నా ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లండి, చేతినిండా తెచ్చుకుంటుంది. వీణకు రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలోనూ, సికింద్రాబాద్‌లోని భక్త రామదాసు కళాశాలలోనూ విచారించండి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీలు వినవచ్చు.

బాబుకైతే ఈ వైపు మరో ఆకర్షణ ఉంది. భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ, కణజీవశాస్త్ర పరిశోధన చేసే సీసీఎంబీ ఇక్కడే ఉన్నాయి. సెప్టెంబరు 26న వీటి మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సందర్భంగా ఇలాంటి ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరవడం పరిపాటి. రాళ్లు ఏరుకునే పిల్లవాడికి ఆ శాస్త్రం చదివిన మనిషితో పది నిమిషాలు మాట్లాడే అవకాశం దొరికితే అది ఏ పాఠానికీ తీసిపోదు.

ఇల్లు చూడడానికి మాత్రం బ్రోకరు చెప్పిన సాయంత్రం వేళ కాకుండా పని దినాన పదకొండింటికి ఒకసారి, అయిదున్నరకు మరోసారి వెళ్లండి. మొదటిసారి వెలుతురు, చప్పుడు, నీళ్లు తెలుస్తాయి. రెండోసారి వీధిలో పిల్లలు ఆడుతున్నారా, ట్యూషన్ బ్యాగులతో మళ్లీ బయలుదేరుతున్నారా అన్నది తెలుస్తుంది. పిల్లలందరూ రాత్రి ఏడు దాకా ట్యూషన్లలో ఉండే అపార్ట్‌మెంట్లో ఎంతమంది పిల్లలున్నా మీవాళ్లకు తోడు దొరకదు.

సమాధానం – నల్లగండ్ల అమ్మ

పై సమాధానంలో మ్యూజియాల గురించి, ఇల్లు చూడవలసిన వేళల గురించి చెప్పిందంతా నిజమే. తండ్రి ప్రయాణం విషయంలో మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. రాయదుర్గం స్టేషన్ దాకా ముప్పావు గంట అన్నారు. ఆఫీసు స్టేషన్ పక్కనే అయితే సరే. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపయితే అక్కడినుంచి బస్సో షేర్ ఆటోనో పట్టుకోవాలి, సాయంత్రం ఆ రోడ్ల మీద రద్దీ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. బడికి వెళ్లే పిల్లల తండ్రి ఆలస్యంగా వస్తే భోజనం దగ్గర కలవలేకపోతాడు. ఇంటి చదువు పిల్లల తండ్రి ఆలస్యంగా వస్తే చదువులో సగం వంతు పోతుంది, ఆ భారం తల్లి మీద పడుతుంది. మా ఇంట్లో లెక్కలు, సైకిలు మరమ్మతు, పద్యాలు అన్నీ వాళ్ల నాన్న ఆరున్నర తరువాత చెప్పేవే. అది పోగొట్టుకుని మెట్రో సంపాదించుకోవడం నాకు సమ్మతం కాదు.

అందుకని ఆఫీసు వైపే ఉండే నల్లగండ్ల, లింగంపల్లి, చందానగర్, బీహెచ్‌ఈఎల్ ప్రాంతాలను కూడా చూడండి. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది. కొండాపూర్ బొటానికల్ గార్డెన్, గచ్చిబౌలి స్టేడియం అందుబాటులో ఉంటాయి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ పెద్దచెరువు కూడా దూరం కాదు. చలికాలం పొద్దున్నే బైనాక్యులర్‌తో ఆ గట్టు మీద నిలబడితే మీ బాబు ఇంటికి రానంటాడు.

గేటెడ్ కమ్యూనిటీలో ఏడేళ్ల పిల్లవాడు తనంతట తాను సైకిలు తొక్కుకోగలడు, పాత కాలనీ రోడ్ల మీద నేనైతే పంపను. అయితే ఇటువైపు చాలా చోట్ల ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద ఆధారపడతారు కాబట్టి నీటి ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిందో లేదో అడిగి తెలుసుకోండి. పక్క స్థలంలో కట్టడం ఇంకా మొదలుకాకపోతే మరీ జాగ్రత్త. బండలు పగలగొట్టే యంత్రాల మోత నెలల తరబడి సాగుతుంది, పగలంతా ఇంట్లో ఉండేది మీరే.

సమాధానం – ఓపెన్ స్కూల్ తండ్రి

ప్రాంతం సంగతి పెద్దలు చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష మాత్రం అందులో లేదు. ఇంటి చదువును అది పేరు పెట్టి అనుమతించలేదు, నిషేధించనూ లేదు. తెలంగాణలో ఏటా జూన్‌లో ‘బడిబాట’ పేరుతో ప్రభుత్వ ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి బడి బయట ఉన్న పిల్లలను చేర్చుకుంటారు. మీరు దిగేది ఆ నెలలోనే కావచ్చు. వాళ్లు తలుపు తట్టడం మన మేలు కోరే. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పిల్లల నోటుపుస్తకాలు చూపించి, ఓపెన్ స్కూలు ద్వారా పరీక్షలు రాయించబోతున్నామని చెప్పండి.

జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ అయిన ఎన్‌ఐఓఎస్‌లో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలు ఉన్నాయి. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి. పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్–మేలలో ఒకసారి, అక్టోబరు–నవంబరులలో మరోసారి జరుగుతాయి. రాష్ట్ర ఓపెన్ స్కూల్ మరో దారి. ప్రవేశం తీసుకునేటప్పుడు ఎంచుకునే అధ్యయన కేంద్రానికి సైన్సు ప్రాక్టికల్స్‌కు వెళ్లవలసి ఉంటుంది కాబట్టి పాపకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి ఏ కేంద్రం ఎంత దూరమో చూసుకోవాలి. ఇప్పుడు ఇంటిని దాన్నిబట్టి తీసుకోనక్కరలేదు.

మరొకటి ఇప్పటినుంచే మొదలుపెట్టవలసిన పని. మీరు వేరే రాష్ట్రం నుంచి వస్తున్నారు. రేపు ఇక్కడి వృత్తివిద్యా కోర్సుల్లో స్థానికత అడిగినప్పుడు మిగతా పిల్లలు స్టడీ సర్టిఫికెట్లు చూపిస్తారు. మన పిల్లలకు అవి ఉండవు కాబట్టి ఇక్కడ నివసించిన సంవత్సరాలకు రుజువులే ఆధారం కావచ్చు. ఓనరుతో పదకొండు నెలల అద్దె ఒప్పందం రాయించుకోండి, నోటిమాటగా ఊరుకోవద్దు. ప్రతి కొత్త ఒప్పందాన్నీ, కరెంటు, గ్యాసు బిల్లులనూ ఒక ఫైలులో దాచండి. ఆధార్ చిరునామా వెంటనే మార్పించండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది మళ్లీ చదువుకోవాలి, కాగితాలుంటే జవాబు చెప్పుకోవడం తేలికవుతుంది.

సాగరతీరం

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. మా వారి ఆఫీసు స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఉందని తెలిసింది. ఇంటి నుంచే పనిచేసే రోజులు కూడా వారంలో రెండు ఉంటాయట. అందువల్ల తార్నాక, హబ్సిగూడ ముందు చూస్తాం. నల్లగండ్ల అమ్మగారు చదువులో తండ్రి వంతు గురించి చెప్పిన మాట ఆయనకు చదివి వినిపించాను, సాయంత్రాలు పిల్లలకే కేటాయిస్తానన్నారు. ఓనరుకు చెప్పే విషయం ఒక్కటే తేలలేదు.

సమాధానం – తార్నాక నివాసి

తప్పకుండా ముందే చెప్పండి, అడ్వాన్సు ఇవ్వకముందే. పిల్లలు పగలు ఇంట్లో ఉంటారని, వీణ సాధన ఏ వేళల్లో ఉంటుందో కూడా చెప్పండి. పాత కాలనీల్లో ఓనర్లు చాలావరకు కింది అంతస్తులోనే ఉంటారు, వాళ్లలో రిటైరైన ఉపాధ్యాయులూ ఉద్యోగులూ ఎక్కువ. మొదట కాస్త అనుమానించినా పిల్లలు నమస్కారం పెట్టి నాలుగు మాటలు మాట్లాడితే తామే పాఠం చెబుతామని ముందుకొచ్చేవాళ్లు ఉంటారు. ఒప్పుకోని ఓనరు ఇంట్లో రోజూ సంజాయిషీ చెప్పుకుంటూ ఉండడం కన్నా ఆ ఇల్లు వదులుకోవడమే మంచిది. చేరిన వారంలోనే వాచ్‌మన్‌కూ, మూల కిరాణా కొట్టాయనకూ పిల్లలను మీరే తీసుకెళ్లి పరిచయం చేయండి. పట్టపగలు పిల్లలను చూసి ముందుగా ఆరా తీసేది వాళ్లే, ఒకసారి తెలిశాక మిగతావాళ్లకు మీ తరఫున జవాబు చెప్పేదీ వాళ్లే. ఇల్లు చూడడానికి వచ్చే రోజు ఇక్కడ రాయండి, స్టేషన్ నుంచి మా వీధుల వైపు దారి చూపిస్తాను.